ఏడు మజిలీల కథ: ఒక పునరావాస కాలనీలో కథలు సేకరించిన అనుభవం

నేపథ్యం

గోదావరి ఏజెన్సీలో ఆదివాసీ పిల్లల కోసం వాళ్ల ఇంటి భాషలో కథల పుస్తకాలు తయారుచేయడం నా పని. ఈ కేసు పోలవరం ముంపు కింద ఖాళీ చేయించిన ఊళ్లవారిని తెచ్చి ఉంచిన ఒక కాలనీకి సంబంధించినది. కాలనీ పేరు, పాత ఊళ్ల పేర్లు, వేల్పు పేరు, కథ చెప్పినవారి ఇంటిపేర్లు ఇక్కడ రాయడం లేదు. కథలోని కొన్ని ఆనవాళ్లు కూడా మార్చాను. స్థలం లేనిదే కథ లేదని చెప్పవలసిన చోట స్థలం పేరే దాచవలసి రావడం నాకు ఇబ్బందిగానే ఉంది. అయితే కోయల్లో ఇంటిపేరు, గట్టు (గోత్రం లాంటి వంశ విభాగం), వేల్పు అనే మూడూ బయటపడితే అది ఏ ఊరో, ఏ కుటుంబమో ఆ ప్రాంతపువాళ్లు ఇట్టే చెప్పేస్తారు. ఇక పేర్లు దాచి ప్రయోజనమేముంటుంది?

కోయ సమాజం మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటూ గట్టులుగా ఉంటుంది. ఒకే గట్టులో పెళ్లి సంబంధాలు కలుపుకోరు. గట్టుకు వేల్పు ఉంటుంది, వేల్పుకు వచ్చిన దారి ఉంటుంది, ఆ దారిలో ఆగిన చోట్లు ఉంటాయి. డోలి వాయించే కోయ కళాకారులు జాతరల్లో పడిగె అనే బొమ్మల గుడ్డను పరిచి పాడేది చాలావరకు ఆ దారి కథే. మేడారం వెళ్లినవారికి ఇది కొత్త విషయం కాదు: సమ్మక్కను చిలకలగుట్ట నుంచి, సారలమ్మను కన్నెపల్లి నుంచి, పగిడిద్దరాజును పూనుగొండ్ల నుంచి, గోవిందరాజును కొండాయి నుంచి తీసుకువస్తారు. నలుగురినీ ఏడాది పొడవునా ఒకే గుడిలో ఉంచితే పని సులువవుతుంది కదా అనిపించవచ్చు. కాని ఎవరు ఎక్కడి నుంచి వస్తారన్నదే ఆ జాతరకు ప్రాణం. ఆదిలాబాద్ వైపు గోండుల్లో మెస్రం వంశీకులు నాగోబా పూజ కోసం హస్తలమడుగు నుంచి గోదావరి జలాన్ని కాలినడకన కేస్లాపూర్‌కు మోసుకువెళ్లడం మరో పద్ధతి. ఈ రెండింటినీ కలిపి ‘ఆదివాసీ సంప్రదాయం’ అని ఒక్క మాటతో సరిపెట్టినప్పుడు మనం పోగొట్టుకునేది మొట్టమొదట ఆ దారులనే.

ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా ఈ కేసులో మూడుసార్లు తప్పు చేశాను కనుకనే రాస్తున్నాను.

ఎదురైన సమస్య

ఆ కాలనీలో మూడు పాత ఊళ్లవారు ఉంటున్నారు: రెండు కోయ ఊళ్లు, ఒక కొండరెడ్ల ఊరు. ఇళ్లను లాటరీ తీసి కేటాయించారు కాబట్టి పాత ఊళ్లో పక్కపక్క గడపలవాళ్లు ఇక్కడ వేర్వేరు వీధుల్లో పడ్డారు. కోయ పిల్లలు ఇంట్లో కోయ మాట్లాడతారు. కొండరెడ్ల ఇంటి భాష తెలుగే అయినా, ఆ తెలుగుకు తనదైన యాస, తనవైన మాటలు ఉన్నాయి. బడిలో అందరూ ఒకే తరగతిలో కూర్చుంటారు.

బడి ఉపాధ్యాయుడు మాతో చెప్పిన సమస్య ఇది: “పిల్లలకు తమ ఊరి కథ ఒక్కటి కూడా రావడం లేదు. పెద్దవాళ్లను అడిగితే గుర్తులేదంటున్నారు. ఉన్నంతవరకు రికార్డు చేసి పుస్తకం వేద్దాం.” మేమూ దీన్ని మతిమరుపు సమస్యగానే తీసుకున్నాం. వయసు మీదపడింది, ఊరు మారింది, కథ చెదిరిపోతోంది, త్వరగా పట్టుకోవాలి అనుకున్నాం. తరువాతి పొరపాట్లన్నీ ఈ తొందరలోంచి పుట్టినవే.

మొదటి ప్రయత్నం

సామాజిక భవనంలో కుర్చీలు వేసి, తలుపులు మూసి, మంచి మైకు పెట్టి రికార్డింగ్ మొదలుపెట్టాం. వేల్పు కథ బాగా తెలిసినవాడని ఊరంతా చెప్పిన పెద్దాయన వచ్చాడు. వేల్పును వెంటబెట్టుకొని పూర్వీకులు ఎగువ నుంచి దిగివచ్చిన కథ అది. దారిలో ఏడు మజిలీలు. ఆయన చెప్పడానికి ఆరు నిమిషాలు పట్టింది. “అక్కడ ఆగారు, నీళ్లు తాగారు, అక్కడి నుంచి లేచారు, ఫలానా చోటికి వచ్చారు” అనే ధోరణిలో సాగి, ఏడో మజిలీ దగ్గర “అంతే సారూ” అని లేచాడు.

ఆయనకు మరపు వచ్చిందని నోట్సులో రాసుకున్నాను. అదే రోజు సాయంత్రం టీ తాగుతూ ఆ పెద్దాయనే ఏ పోడు వాలును ఎవరి తాత ముందు కొట్టాడో, అది ఎవరి చేతికి మారిందో నాలుగు తరాల లెక్క తడుముకోకుండా చెప్పాడు. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరిన 1986 వరదలో తమ ఊళ్లో నీళ్లు ఏ చింతచెట్టు ఏ కొమ్మ దాకా వచ్చాయో చేత్తో చూపించాడు. ఇంత జ్ఞాపకమున్న మనిషి కథ ఒక్కటే మరిచిపోవడమేమిటని నేను అక్కడే ఆగి ఆలోచించవలసింది. ఆలోచించలేదు. ఒకరు సరిగా చెప్పకపోతే మరో ముగ్గురి చేత చెప్పిద్దామని నిర్ణయించాను. సేకరణలో లోటును సంఖ్యతో పూడ్చాలనుకోవడం మా వృత్తిలో పాత జబ్బు.

రెండో ప్రయత్నం

మిగతావాళ్ల దగ్గర మరో మూడు కథనాలు వచ్చాయి. రెండో కోయ ఊరివారి కథలో మజిలీలు ఐదే. కొండరెడ్ల పెద్ద చెప్పిన కథలో అదే కొండ ఉంది కాని వేల్పు వేరు, వచ్చిన దిక్కు వేరు, కొండ మీద జరిగిన సంగతి పూర్తిగా వేరు. ఒకే తరగతి, ఒకే పుస్తకానికి సరిపడా డబ్బు, ఒకే కొండ. కాబట్టి అందరికీ చెందేలా ఒక ఉమ్మడి కథ అల్లుదామన్నాను. పిల్లల్లో తేడాలు పెంచకూడదన్న మంచి ఉద్దేశం కూడా అందులో ఉంది. పరస్పరం పొసగని భాగాలు తీసేసి, పొసగేవి కలిపి, చదవడానికి హాయిగా ఉండే ఎనిమిది పేజీల కథ సిద్ధం చేశాం.

ముద్రణకు ముందు దాన్ని కాలనీలో చదివి వినిపించాం. అందరూ మర్యాదగా విన్నారు. చివర్లో ఒక అవ్వ అడిగింది: “ఇందులో నడిచేదెవరు బాబూ? కొండ ఈ పక్క ఎక్కి ఆ పక్క దిగారని రాశారు. ఆ పక్క దిగితే రెడ్ల ఊరు. మా వేల్పు అటెందుకు పోద్ది?” కొండరెడ్ల పెద్ద నవ్వి, “మా పక్కన వాగే లేదు, మీరు మావాళ్లను వాగు దాటించారు” అన్నాడు.

భాష సరిచూశాం, పాత్రల పేర్లు సరిచూశాం, పిల్లల స్థాయికి మాటలు తగ్గించాం. ఆ దారిలో ఒక మనిషి నడవగలడా అని మాత్రం చూడలేదు. మూడు ఊళ్ల కథలను కలిపి ఏ ఊరివాళ్లూ నడవని దారి ఒకటి తయారుచేశాం. ఆ ముసాయిదాను పక్కన పెట్టేశాం.

మూడో ప్రయత్నం, అందులో దొరికిన చిన్న ఆధారం

దారే ముఖ్యమైతే పటం కావాలి కదా అనుకొని, ఉపగ్రహ చిత్రం నుంచి పాత ఊళ్ల ప్రాంతాన్ని పెద్ద కాగితం మీద అచ్చు వేయించి గోడకు తగిలించాం. ఎవరూ ఏమీ పోల్చుకోలేకపోయారు. చదువు లేకపోవడం వల్ల అనుకుంటారేమో, కాదు. ఇంటర్ చదివిన కుర్రాడికి కూడా తన ఊరు కనిపించలేదు.

అవ్వ ఆ కాగితాన్ని గోడ మీద నుంచి తీయించి నేల మీద పరిపించింది. గోదావరి ఎటు పారుతోందో చెప్పమంది. చెప్పాక కాగితాన్ని సగానికి పైగా తిప్పి, బయట నిజంగా నది ఉన్న వైపుకు దిగువ వచ్చేలా సర్దింది. అప్పుడు వేలు పెట్టి, “ఇది మా రేవు” అంది. రెండు నిమిషాల్లో చుట్టూ పదిమంది చేరారు.

మా పటంలో ఉత్తరం పైన ఉంది. వాళ్ల లెక్కలో ఉత్తర దక్షిణాలకు పెద్ద పని లేదు. ఎగువ, దిగువ, కొండవైపు, ఏటివైపు అనే నాలుగే దిక్కులు. అయినా పటం అంతకు మించి సాయపడలేదు. పై నుంచి చూస్తే కొండ పచ్చటి మరక మాత్రమే. ఆ కొండను వాళ్లు ఎన్నడూ పై నుంచి చూడలేదు. కింద నుంచి చూశారు, ఎక్కుతూ చూశారు, పడవలో పోతూ చూశారు. ఈ ప్రయత్నం కూడా విఫలమైనట్టే. కాని కథ కోసం అడగడం మాని చోటు కోసం అడగాలని నాకు తోచింది మాత్రం ఆ మధ్యాహ్నమే.

పనిచేసినది

ఏప్రిల్ చివర్లో, ఏరు తగ్గి దారులు తేలాక, పాత ఊరికి వెళ్లాం. కాలనీలో కూర్చొని మాట్లాడుకొని ఎవరు రావాలో పెద్దలే నిర్ణయించారు: ఇద్దరు కోయ పెద్దలు, ఆ అవ్వ, కొండరెడ్ల పెద్ద, ఇద్దరు కుర్రాళ్లు, ఉపాధ్యాయుడు, నేను. కొండరెడ్ల పెద్ద ఎందుకని నేను అడిగితే, “కొండ దగ్గరికి పోతే ఆయన ఉండాలి” అన్నారు. ఆ మాట అర్థం కావడానికి ఆరో మజిలీ దాకా ఆగవలసి వచ్చింది.

భవనంలో ఆరు నిమిషాలు పట్టిన కథ నాలుగు గంటలకు పైగా సాగింది. రెండో మజిలీని కొంత వివరంగా చెబుతాను. అది వాగు ఒడ్డున ఒక పరుపుబండ. బండ మీద ఏదో నూరి నూరి పడినట్టు నున్నటి గుంటలు మూడు. పెద్దాయన కూర్చున్నాడు, మిగతావాళ్లు కూర్చునేదాకా మాట్లాడలేదు. దోసిలితో వాగు నీళ్లు తెచ్చి ఒక గుంటలో పోసి, అప్పుడు మొదలుపెట్టాడు. భవనంలో ఈ మజిలీ గురించి ఆయన చెప్పింది ఒకే వాక్యం: “అక్కడ నీళ్లు తాగారు.” ఇక్కడ ఆ వాక్యం విప్పారింది. వాగంతా ఎండినా ఆ బండ కింది మడుగులో మాత్రం నీళ్లుంటాయి. పూర్వీకుల్లో అన్నదమ్ముల కుటుంబాలు రెండు ఆ మడుగు కోసం తగవు పడ్డాయి. ఎగువ గుంట ఒకరిది, దిగువ గుంట ఒకరిది, నడిమి గుంట దారిన పోయేవారిది అని వేల్పు తీర్చింది. అందుకే ఎండాకాలంలో మడుగులో చేపలు పట్టడానికి ఎవరు ముందు దిగాలో, కొత్త మనిషి వస్తే ఎక్కడ నీళ్లు ముంచుకోవాలో ఊరికి తెలుసు. మేం వేల్పు కథ అనుకున్నది సగం నీటి పంపకపు చట్టం.

ఈ మాటలన్నీ భవనంలో ఎందుకు రాలేదో అక్కడే అర్థమైంది. ఆ కథను ఎప్పుడూ చోటును చూస్తున్న మనుషులకే చెప్పారు. బండ కనిపిస్తున్నప్పుడు బండను వర్ణించనక్కరలేదు. గుంటలు కనిపిస్తున్నప్పుడు మూడెందుకని ఎవరో అడుగుతారు, దానికి జవాబుగా తగవు కథ వస్తుంది. నాలుగు గోడల మధ్య ఆ ప్రశ్న వేసేవారు లేరు, వేయించే బండ లేదు. పెద్దాయన ఏమీ మరచిపోలేదు. కథలో తన వంతు ఆయన చెప్పాడు, చోటు వంతు మా టేపులో పడలేదు, అంతే.

నాలుగో మజిలీలో ఉండవలసిన మద్దిచెట్టు లేదు. పెద్దాయన కాసేపు నిలబడి, ఏమీ చెప్పకుండా ముందుకు నడిచాడు. ఇక్కడి కథ పోయినట్టేనని నోట్సులో రాసుకోబోయాను. ఫర్లాంగు దూరం పోయాక ఆయన వెనక్కి తిరిగి, అక్కడి నుంచి కనిపించే రెండు శిఖరాల నడిమి కనుమను చూపిస్తూ నాలుగో మజిలీ కథ చెప్పాడు. చెట్టు ఉంటే దాని కింద నుంచి ఆ కనుమ కనిపించేదట. కథకు ఆధారం చెట్టు కాదు, చెట్టు కింద నిలబడ్డ మనిషి చూపు ఎటు పోతుందో అది. ఆ ప్రాంతంలో ఏది పోయిందో, ఏది మిగిలిందో చెట్ల లెక్కతో తేల్చలేమని నాకు ఇది నేర్పింది.

ఆరో మజిలీ కొండ నెత్తి. అక్కడ ఒక రాళ్ల కుప్ప దగ్గర పెద్దాయన వాక్యం మధ్యలో ఆపి, “ఇక్కడి నుంచి మాది కాదు” అన్నాడు. కొండరెడ్ల పెద్ద అందుకున్నాడు. ఆయన కథ అవతలి వాలులో దిగింది. నిజమే, అటు వాగు లేదు, ఊట మాత్రమే ఉంది, కథలోనూ ఊటే ఉంది. మేం భవనంలో పరస్పర విరుద్ధాలుగా గుర్తించిన రెండు కథలు రాళ్ల కుప్ప దగ్గర ఒకదాని వెనుక ఒకటి సాఫీగా నడిచాయి. ఒకే కొండకు రెండు వాలులు ఉన్నట్టే రెండు కథలు. ఏది అసలైనదని అడగడం, కొండకు ఏ వాలు అసలైనదని అడగడం లాంటిది. పక్కవాడి కథను గౌరవించడమంటే తాను ఎక్కడ ఆగాలో తెలిసి ఉండడమేనని వాళ్లకు ఎవరూ పాఠం చెప్పలేదు.

ఏడో మజిలీకి ముందు రికార్డర్ ఆపమన్నారు. ఆపాను. కుర్రాళ్లను, ఉపాధ్యాయుణ్ణి, నన్ను కొంచెం ఎడంగా కూర్చోమన్నారు. అక్కడ ఏం చెప్పుకున్నారో నాకు తెలియదు, అడగలేదు కూడా.

కాలనీకి తిరిగివచ్చాక

పిల్లలందరినీ పాత ఊరికి తీసుకుపోవడం కుదరదు. అందుకని కాలనీ చివరి ఖాళీ స్థలంలో సున్నంతో ఏరు, వాగు, కొండ, మజిలీలు గీయించాం. కుర్రాళ్లు సిమెంటు రోడ్డుకు సమాంతరంగా చక్కగా గీశారు. అవ్వ వచ్చి చూసి కాలితో చెరిపేసింది: “ఏరు అటు కదా పారేది!” మళ్లీ అసలు దిక్కుకు గీశారు. గీతలు రోడ్డుకు ఏటవాలుగా, చూడటానికి వంకరగా వచ్చాయి. పిల్లలు మజిలీ మజిలీకీ నడుస్తూ కథ విన్నారు, ఆరో మజిలీ దగ్గర కోయ పిల్లలు ఆగితే కొండరెడ్ల పిల్లలు అందుకున్నారు. ఉపాధ్యాయుడు చెప్పిన మార్పు ఒకటే, కాని నాకు అది చాలనిపించింది: ఇప్పుడు తెలుగు వాచకంలో కథ చదువుతున్నా పిల్లలు “ఇది ఏ వైపు సార్, ఎగువా, దిగువా?” అని అడుగుతున్నారట.

పుస్తకం ఒకటి కాస్తా మూడు చిన్న పుస్తకాలయ్యాయి. కోయ కథలు రెండు తెలుగు లిపిలో కోయ భాషలోను, కొండరెడ్ల కథ వాళ్ల తెలుగులోను వచ్చాయి. ప్రతి కథ పైన చెప్పిన ఊరు, నిలబడి చెప్పిన చోటు, చెప్పిన కాలం ఉంటాయి. చోట్లకు వాళ్లు పిలిచే పేర్లే వాడాం. రెవెన్యూ రికార్డులో ఒక గుట్టకు ఉన్న పేరు వేరని ఒక అధికారి ఆక్షేపించాడు. ఆదివాసులు తమ చోట్లకు తమ పేర్లు పెట్టుకొని నిలుపుకునే హక్కును ఐక్యరాజ్యసమితి 2007 నాటి ఆదివాసీ ప్రజల హక్కుల ప్రకటన 13వ అధికరణంలో గుర్తించిందని, మన 2006 అటవీ హక్కుల చట్టం 3(1)(కె) సెక్షన్ కూడా జీవవైవిధ్యంతో, సాంస్కృతిక వైవిధ్యంతో ముడిపడిన సంప్రదాయ జ్ఞానంపై సమష్టి హక్కు ఇచ్చిందని చెప్పాం. ఆయన వాదించలేదు. ఒడిశాలోని నియమగిరి కొండ మీద గని తవ్వకం విషయంలో సుప్రీంకోర్టు 2013లో నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలినప్పుడు అక్కడి ఆదివాసులైన డోంగ్రియా కొంధులు చెప్పింది కూడా ఇంచుమించు ఇదే: కొండ తమ దేవుడికి ఇల్లు, దాన్ని తవ్వేసి దేవుణ్ణి వేరేచోటికి మార్చుకోమంటే కుదరదు. పన్నెండు గ్రామసభలూ గని తవ్వకాన్ని తిరస్కరించాయి. మా కాలనీవాళ్లకు ఆ అవకాశం దాటిపోయింది. మేం చూసిన పరిహారపు కాగితాల్లో ఇల్లు, భూమి, చెట్లు అనే గడులున్నాయి. పరుపుబండను రాయడానికి గడి లేదు.

మిగిలిపోయినవి

ఒక తప్పు మాత్రం చివర్లోనూ చేశాం. వెంట వచ్చిన కుర్రాళ్లు అడిగారని, ఎడిట్ చేయని వీడియో ముక్కలు వాళ్ల ఫోన్లలో వేశాం. నాలుగో మజిలీ ముక్క నెల తిరక్కుండానే ఊళ్లు దాటింది. ఆ గట్టుకు సంబంధం లేనివాళ్లు దానికి సినిమా సంగీతం కలిపారు. పెద్దాయన కోప్పడలేదు, “అది ఎక్కడ నిలబడి చెప్పానో వాళ్లకేం తెలుసు” అని మాత్రం అన్నాడు. ఇప్పుడు రికార్డింగులు పెద్దల దగ్గర ఉంటాయి, ఎవరికి ఇవ్వాలో వాళ్లు చెబుతారు. మా సేకరణ పత్రం కూడా మారింది: మొదటి ప్రశ్న ‘కథ పేరు’ కాదు, ‘ఇది ఎక్కడ నిలబడి చెప్పే కథ?’ రెండోది, ‘ఎక్కడ ఆపాలి?’

వరద కాలంలో మూడో మజిలీ దాకా నీళ్లు వస్తున్నాయి. రిజర్వాయరు నిండితే రెండో మజిలీ బండ, గుంటలు కనిపించవని కాలనీవాళ్లే అంటున్నారు. సున్నపు గీతల మీద నడిచిన పిల్లవాడు రేపు మడుగు లేని చోట ఆ నీటి తీర్పును దేనికి వాడుకుంటాడో చెప్పలేను. కాలనీ బోరింగు దగ్గర బిందెల తగవు వచ్చినప్పుడు అవ్వ ఒకసారి ఆ మూడు గుంటల మాట ఎత్తిందని విన్నాను, తగవు తీరిందో లేదో వినలేదు.

పుస్తకంలో ఏడో మజిలీకి ఒక పేజీ కేటాయించాం. పైన చోటు పేరు మాత్రం ఉంటుంది, కింద ఏమీ ఉండదు. రెండోసారి అచ్చుకు ఇచ్చినప్పుడు ప్రెస్సు అబ్బాయి అది పొరపాటనుకొని అక్కడ నెమలి బొమ్మ పెట్టి ప్రూఫు పంపాడు. ఫోన్ చేసి తీయించాను. “ఖాళీగా వదిలేస్తే బాగుండదు సార్” అన్నాడు. అలాగే వదిలేయమన్నాను.